మీకు తెలుసా? పల్నాటి నాగమ్మకు రూపమిచ్చింది ఇద్దరు తారలు

నాయకురాలు నాగమ్మ ఎలా ఉండేది? ఎత్తా, పొట్టా? చామనచాయా, ఎరుపా? గురజాలలో అడిగినా మాచర్లలో అడిగినా ఎవరి ఊహ వారిది. ఎనిమిది వందల ఏళ్ళ నాటి మనిషి. పల్నాటి వీరచరిత్ర చదివినవాళ్ళకు ఆవిడ ఎత్తులూ పైఎత్తులూ గుర్తుంటాయి తప్ప కనుముక్కు తీరు గుర్తుండదు. తెలుగువాళ్ళ కళ్ళ ముందు ఆవిడను నిలబెట్టింది సినిమా. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. 1947లో పసుపులేటి కన్నాంబ, 1966లో భానుమతీ రామకృష్ణ. రెండు సినిమాల పేరూ ఒకటే, ‘పల్నాటి యుద్ధం’. ఆ ఇద్దరు తారల గురించీ, వాళ్ళ చుట్టూ ఉన్నవాళ్ళ గురించీ కొన్ని సంగతులు.

◆ ముందు కథ రెండు ముక్కల్లో. గురజాల నలగామరాజు కొలువులో నాగమ్మ మంత్రి. దాచేపల్లి దగ్గరి జిట్టగామాలపాడు ఆవిడ ఊరు. వేటకొచ్చిన రాజుకు మర్యాద చేసి, ప్రతిఫలంగా ఏడు ఘడియల మంత్రిత్వం అడిగి, ఆ ఏడు ఘడియల్లోనే తనేమిటో చూపించిందని జనం చెప్పుకొంటారు. అవతలి పక్షం మాచర్ల మలిదేవరాజుది, దానికి అండ బ్రహ్మనాయుడు. కోడిపందెంలో బ్రహ్మనాయుడి చిట్టిమల్లు, నాగమ్మ శివంగిడేగ చేతిలో ఓడింది. మాచర్లవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచి వెళ్ళారు. తిరిగొచ్చాక వాటా దక్కలేదు. చివరికి కారంపూడిలో, నాగులేటి ఒడ్డున యుద్ధం. ఇంతమంది మగవాళ్ళను ఎదురెదురుగా నిలబెట్టి కథ నడిపిన ఆడమనిషి పాత్ర కాబట్టే దానికి మామూలు తార సరిపోలేదు.

◆ కన్నాంబ పల్నాటి మనిషి కాదు. పెరిగింది ఏలూరులో. అక్కడ హరిశ్చంద్ర నాటకం ఆడుతుంటే చంద్రమతి వేషం కట్టిన ఆయన శోకం పండించలేకపోయాడట. ప్రేక్షకుల్లో కూర్చున్న ఈ పిల్ల లేచి వెళ్ళి రంగస్థలం మీద పాడిందట. ఇది పాత తరం నాటకాలవాళ్ళు చెప్పుకొనే కథ. ‘ఆయన’ ఏమిటని ఇప్పటి పిల్లలకు అనుమానం రావచ్చు. అప్పట్లో ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవారు. బాపట్ల స్థానం నరసింహారావు గారు ‘సారంగధర’ నాటకంలో చిత్రాంగి వేషంలో వస్తే జనం నోళ్ళు తెరుచుకొని చూసేవారు. అలాంటి రోజుల్లో ఒక ఆడపిల్ల ఆ వేషాలను ఆడవాళ్ళవిగా చేసుకోవడం చిన్న విషయం కాదు.

◆ నాటకంలో ఆ పిల్లను నిలబెట్టిన చంద్రమతే సినిమాలోకీ తీసుకొచ్చింది. 1935లో వచ్చిన ‘హరిశ్చంద్ర’ కన్నాంబ మొదటి సినిమా. అద్దంకి శ్రీరామమూర్తి హరిశ్చంద్రుడు. మరుసటి ఏడు ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’లో ద్రౌపది. అదే ఏడు అదే కథతో ‘ద్రౌపదీ మానసంరక్షణం’ అని మరో సినిమా పోటీకి దిగింది. అందులో దుర్యోధనుడు బళ్ళారి రాఘవ, ద్రౌపది సురభి కమలాబాయి. మహామహులు. అయినా జనం కన్నాంబ ద్రౌపది వైపే మొగ్గారు.

◆ కన్నాంబది నిండైన విగ్రహం. పెద్ద కళ్ళు, వెడల్పు మొహం, ఖంగుమనే గొంతు. ఇప్పటి లెక్కల్లో హీరోయిన్ కొలతలకు ఆ మనిషి సరిపోకపోవచ్చు. కానీ ఒక విషయం గమనించండి. అప్పటికి డబ్బింగ్ లేదు. షూటింగ్‌లో పలికిందే తెర మీద వినిపించేది. మొదట్లో పాట కూడా నటించేవాళ్ళే పాడాలి, అదీ కెమెరా తిరుగుతుండగానే. వాద్యగాళ్ళు కెమెరా కంటబడకుండా ఏ పక్కనో కూర్చొని వాయించేవారు. మైకు ఎక్కడో ఉండేది. గొంతు పీలగా ఉంటే ఎంత అందగత్తె అయినా పనికిరాదు. అంటే ఆ రోజుల్లో తార ‘రూపం’లో సగం గొంతే. కన్నాంబ నెగ్గుకొచ్చింది ఆ సగంతో.

◆ ఇక ఫ్యాషన్ సంగతి. ‘కన్నాంబ లోలాకులు, కాంచనమాల గాజులు’ అనేవి అప్పట్లో ఆంధ్రదేశమంతా ఆడవాళ్ళ నోట నానిన మాటలు. కాంచనమాల తెనాలి అమ్మాయి, ‘మాలపిల్ల’ కథానాయిక. కన్నాంబ చెవులకు ఊగిన లోలాకుల కోసం పెళ్ళిళ్ళ కాలంలో కంసాలికి ఆమె పేరే ఆనవాలుగా చెప్పేవారు. ఇప్పుడు సీరియల్ నటి చీర పేరు చెప్పి దుకాణంలో అడుగుతున్నారే, ఆ అలవాటుకు తొంభై ఏళ్ళ చరిత్ర ఉందన్నమాట.

◆ కన్నాంబ పాత్రల్లో ఒక చిత్రమైన పోలిక ఉంది. ఎవరూ పెద్దగా ఎత్తి చెప్పినట్టు లేదు. ఆవిడ పేరు నిలబెట్టిన పాత్రలన్నీ నిండు సభలో నిలబడి నోరు విప్పిన ఆడవాళ్ళవే. ద్రౌపది కురుసభలో ప్రశ్న అడుగుతుంది. 1942లో వచ్చిన తమిళ ‘కణ్ణగి’లో మధుర పాండ్యరాజు కొలువులో కాలి అందె చేతపట్టి రాజునే దోషిగా నిలబెడుతుంది. 1954 నాటి ‘మనోహర’లో సంకెళ్ళలో ఉన్న కొడుకును సభ మధ్యన తిరగబడమని పురమాయించే తల్లి ఆవిడే. ఆ కొడుకు శివాజీ గణేశన్. ఆ సంభాషణలు రాసింది తర్వాత తమిళనాడు ముఖ్యమంత్రి అయిన కరుణానిధి. తెలుగు ఇంటి ఆడబిడ్డ తమిళ సంభాషణకు పేరు తెచ్చుకోవడం అరవవాళ్ళకే ఆశ్చర్యం. మరి గురజాల కొలువులో మంత్రిపీఠం మీద కూర్చునే నాగమ్మకు ఇంతకన్నా ఎవరు దొరుకుతారు?

◆ 1947 ‘పల్నాటి యుద్ధం’ మొదలుపెట్టిన దర్శకుడు దాన్ని పూర్తి చేయలేదు. ఆయన గూడవల్లి రామబ్రహ్మం. ‘మాలపిల్ల’ (1938), ‘రైతుబిడ్డ’ (1939) తీసిన మనిషి. అంటరానితనం మీద, జమీందారీ మీద సినిమా తీసినవాడికి పల్నాడు ఎందుకు నచ్చిందో చెప్పనక్కర్లేదు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు, అదే చాపకూడు. మాలవాడైన కన్నమదాసును తన బిడ్డగా చూసుకొన్నాడు. సినిమా నడుస్తుండగానే రామబ్రహ్మం జబ్బుపడి 1946 అక్టోబరులో కన్నుమూశారు. మిగిలింది ఎల్.వి. ప్రసాద్ పూర్తి చేశారు. ఈయనదీ ఏలూరు పక్కనే సోమవరప్పాడు. ఏడేళ్ళ తర్వాత ‘మనోహర’లో కన్నాంబను నడిపించిందీ ఈయనే.

◆ ఆ సినిమాలో బ్రహ్మనాయుడు గోవిందరాజుల సుబ్బారావు, ఆయన కొడుకు బాలచంద్రుడు అక్కినేని నాగేశ్వరరావు. అక్కినేనికి అప్పటికి ఇరవై మూడో ఇరవై నాలుగో. కన్నాంబకు ముప్పై అయిదు దాటింది. అంతకు తొమ్మిదేళ్ళ ముందు, 1938లో, ‘గృహలక్ష్మి’లో సంసారం చెడగొట్టే మనిషిగా వేసి మెప్పించింది. సీత లాంటి సావిత్రి లాంటి పాత్రలతో పేరొచ్చిన నటి అలాంటి వేషానికి ఒప్పుకోవడం అప్పట్లో సాహసమే. నాగమ్మను పూర్తిగా చెడ్డదనీ అనలేం, మంచిదనీ అనలేం. ఆ రెండూ తెలిసిన నటి కావాలి.

◆ కన్నాంబ నిర్మాత కూడా. భర్త కడారు నాగభూషణంతో కలిసి మొదట శ్రీ రాజరాజేశ్వరీ నాట్యమండలి పెట్టి ఊరూరా నాటకాలాడింది. తర్వాత అదే పేరుతో సినిమా కంపెనీ. ‘తల్లిప్రేమ’ (1941), ‘సుమతి’ (1942) నుంచి ‘దక్షయజ్ఞం’ (1962) దాకా రెండు దశాబ్దాలు సినిమాలు తీశారు. ఒకటో తారీఖు వచ్చిందంటే ఆ కంపెనీలో జీతం చేతిలో పడేదని పాతవాళ్ళు అంటారు. సినిమా కంపెనీల్లో ఈ మాట ఎంత అరుదో ఆ రంగంలో పనిచేసినవాళ్ళకే తెలుస్తుంది.

◆ ఇప్పుడు భానుమతి. ఆవిడ 1925 సెప్టెంబరు 7న ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టింది. ఇప్పుడది ప్రకాశం జిల్లా. కానీ ప్రకాశం జిల్లా ఏర్పడిందే 1970లో. అంతవరకు ఒంగోలు తాలూకా గుంటూరు జిల్లాలోదే. అంటే నరసరావుపేట, గురజాల ఏ జిల్లాలో ఉన్నాయో భానుమతి పుట్టిందీ ఆ జిల్లాలోనే. 1966 సినిమాలో బాలచంద్రుడి భార్య మాంచాల వేషం వేసిన జమునది హంపిలో పుట్టుక, దుగ్గిరాలలో పెంపకం. అదీ గుంటూరు జిల్లాయే. కాబట్టి రెండో ‘పల్నాటి యుద్ధం’లో నాగమ్మా మాంచాలా ఇద్దరూ జిల్లా ఆడపడుచులే. కొసమెరుపు ఏమిటంటే, 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు వేరే జిల్లా అయింది. ఇప్పటి లెక్కలో వాళ్ళిద్దరూ పొరుగువాళ్ళే.

◆ భానుమతిని సినిమాలకు పంపుతూ తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య గారు పెట్టిన షరతు ప్రసిద్ధం: హీరో ఎవరూ పిల్లను ముట్టుకోకూడదు. 1939లో ‘వరవిక్రయం’తో మొదలుపెట్టేనాటికి ఆ పిల్లకు పద్నాలుగేళ్ళు నిండలేదు. కట్నం మీద కాళ్ళకూరి నారాయణరావు రాసిన నాటకం అది. కట్నమిచ్చి చేసే పెళ్ళి వద్దనుకొని ప్రాణం తీసుకొనే కాళింది పాత్ర ఆవిడది. ఆ తర్వాత భానుమతి పెద్దయింది, నాలుగేళ్ళకు ‘కృష్ణప్రేమ’ సినిమా తీస్తున్నప్పుడు సహాయ దర్శకుడు రామకృష్ణారావును ఇష్టపడి పెళ్ళాడింది. షరతులు పెట్టిన తండ్రి కూతురు తన పెళ్ళి తనే చేసుకొంది! ఆ తెగువే ఆవిడ పాత్రలన్నిటికీ పెట్టుబడి.

◆ అందం సంగతి కూడా మాట్లాడుకొందాం. భానుమతి అందగత్తె అనేవాళ్ళు ‘మల్లీశ్వరి’ని (1951) చూపిస్తారు. అందులో నిజంగానే తెర వెలిగిపోతుంది. నాకు మాత్రం ఆవిడ అందం కంటే ఆవిడ చూపు ముఖ్యం. ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ తల కొద్దిగా పక్కకు వంచి, ఓరగా చూస్తూ, పెదవి చివర సన్నటి నవ్వు పెట్టుకొని వింటుంది. ‘నువ్వు చెప్పేది నాకు ముందే తెలుసులే’ అన్నట్టు. ఎన్.టి.ఆర్., ఎస్వీ రంగారావు లాంటివాళ్ళ ఎదురుగా కూడా ఆ చూపు తగ్గదు. దాన్ని కొందరు పొగరన్నారు. ఒక మంత్రిణికి కావలసింది సరిగ్గా అదే కదా.

◆ పొగరు ఖరీదు కూడా ఆవిడకు తెలుసు. 1955 నాటి ‘మిస్సమ్మ’ మొదట భానుమతితోనే మొదలైంది. నిర్మాత చక్రపాణి గారితో మాటా మాటా వచ్చి ఆవిడ తప్పుకొంది. ఆ వేషం గుంటూరు జిల్లా చిర్రావూరు అమ్మాయి సావిత్రికి దక్కింది. తెలుగు సినిమా చరిత్ర అక్కడ మలుపు తిరిగింది.

◆ కన్నాంబకూ భానుమతికీ నాగమ్మ ఒక్కటే కాదు, ఇంకో ఉమ్మడి పాత్ర కూడా ఉంది. చిత్రాంగి. 1937 ‘సారంగధర’లో కన్నాంబ, 1957 ‘సారంగధర’లో భానుమతి. సవతి కొడుకును కోరుకొని, కాదన్నాడని కక్ష తీర్చుకొనే రాణి ఆమె. తెలుగు కథల్లో అధికారం చేతిలో ఉన్న ఆడదాన్ని అనుమానంగా చూపించడం కొత్త కాదు. చిత్రాంగి, నాగమ్మ ఆ వరుసలోని వాళ్ళే. రాజ్యం కోసం ఎత్తులు వేసిన మగవాడు రాజనీతిజ్ఞుడు, ఆడదైతే కుట్రదారు. ఈ ఇద్దరు నటులూ ఆ పాత్రలకు బుర్రనూ బాధనూ కూడా ఇచ్చారు. అందుకే అవి నిలబడ్డాయి.

◆ 1966 సినిమాకు దర్శకుడు గుత్తా రామినీడు, సంగీతం సాలూరి రాజేశ్వరరావు. బ్రహ్మనాయుడు ఎన్.టి.ఆర్. బాలచంద్రుడు హరనాథ్, అతని తల్లి ఐతాంబ అంజలీదేవి. ‘మల్లీశ్వరి’లో ప్రేమికులుగా చూసిన ఎన్.టి.ఆర్., భానుమతులను పదిహేనేళ్ళ తర్వాత బద్ధశత్రువులుగా చూడటం ప్రేక్షకులకు వింత అనుభవం. ఇంకో ఎనిమిదేళ్ళు గడిస్తే, ఎన్.టి.ఆర్. దర్శకత్వంలోనే ‘తాతమ్మ కల’లో (1974) ఆవిడ ముసలి తాతమ్మ. బాలకృష్ణ తొలి సినిమా అదే. ఒకే హీరోకు ప్రియురాలిగా, పగదానిగా వేసి, ఆపైన అతని సినిమాలోనే ముది ముత్తవ్వగా కుదురుకోవడం ఎంతమంది తారలకు సాధ్యం?

◆ మాంచాల గురించి రెండు మాటలు చెప్పకపోతే పల్నాటివాళ్ళు ఊరుకోరు. యుద్ధానికి పోతున్న బాలచంద్రుణ్ణి ఎలాగైనా ఆపమని ఐతాంబ కోడలికి చెబుతుంది. పెళ్ళయ్యాక మొగుడు తన గడప తొక్కింది అదే మొదలు, అంతవరకూ అతను వేశ్య శ్యామాంగి ఇంట ఉన్నాడు. ఆపడానికి ఇంతకంటే మంచి అవకాశం ఉండదు. మాంచాల ఆపలేదు, కత్తి చేతికిచ్చి పంపింది. జమునకు ఆ ఏడు ఇంకో పెద్ద పాత్ర కూడా వచ్చింది: ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామ. మొగుణ్ణి వదలననే భార్యగా, మొగుణ్ణి చావుకు సాగనంపే భార్యగా ఒకే ఏడాదిలో మెప్పించింది. 1947లో ఈ మాంచాల ఎస్. వరలక్ష్మి.

◆ భానుమతికి 1966 కలిసొచ్చిన ఏడాది. నాగమ్మ వేషం, పద్మశ్రీ ఒకే ఏట వచ్చాయి. 2001లో పద్మభూషణ్. అసలు ఆవిడ చేయని పని లేదు. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడింట్లో తనే దర్శకత్వం వహించి తీసింది. కొడుకు పేరుతో భరణీ పిక్చర్స్, భరణీ స్టూడియో నడిపింది. ‘అత్తగారి కథలు’ రాసి హాస్యరచయితగా పేరు తెచ్చుకొంది. ‘నాలో నేను’ అనే ఆత్మకథకు సినిమా పుస్తకాల విభాగంలో జాతీయ పురస్కారం వచ్చింది. నేపథ్యగానం వచ్చి హీరోయిన్లందరూ పెదవులు కదిపే కాలంలో కూడా తన పాట తనే పాడుకొంది.

◆ పల్నాడు పేరు తర్వాత తరం సినిమాలకు ‘పౌరుషానికి’ ముద్రయింది. కృష్ణ ‘పల్నాటి సింహం’ (1985), కృష్ణంరాజు ‘పల్నాటి పౌరుషం’ (1994), మొన్న నితిన్ ‘మాచర్ల నియోజకవర్గం’ (2022). ఇందులో తమాషా ఏమిటంటే ‘పల్నాటి పౌరుషం’ కథ పల్నాటిది కాదు, భారతీరాజా తమిళంలో తీసిన ‘కిళక్కు చీమయిలే’ది. మదురై వైపు అన్నాచెల్లెళ్ళ కథను పల్నాటికి మార్చారు. చెల్లెలి పాత్ర మాత్రం తమిళంలోనూ తెలుగులోనూ రాధికే. పౌరుషం, ఆడబిడ్డ మీద ప్రేమ రెండూ కలిసిన కథ ఎక్కడిదైనా పల్నాటిలో ఇమిడిపోతుందని నిర్మాతలకు నమ్మకం కాబోలు. ఈ వరసలో ఆడమనిషి చుట్టూ తిరిగిన సినిమా మళ్ళీ రాలేదన్నది నా ఫిర్యాదు. పాత రెండిట్లోనూ కథకు ఇరుసు నాగమ్మే.

◆ కన్నాంబ 1964 మే 7న పోయింది. భానుమతి నాగమ్మగా తెరమీదికి వచ్చింది ఆ తర్వాత రెండేళ్ళకు. కాబట్టి ‘నా వేషం నువ్వెలా వేశావో చూస్తాను’ అనే అవకాశం పెద్దావిడకు దొరకలేదు. చివరి ఏళ్ళలో కన్నాంబ తల్లి పాత్రలకే ఎక్కువగా పరిమితమైంది. ‘తోడికోడళ్ళు’లో పెద్ద కోడలు, ‘అనార్కలి’లో జోధాబాయి, ‘లవకుశ’లో కౌసల్య. భానుమతి 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూసింది.

◆ ఇద్దరిలో ఎవరు మంచి నాగమ్మ? ఈ తగవు తీరేది కాదు. నన్నడిగితే సభలో నిలబడి శాసించే నాగమ్మ కన్నాంబ, కూర్చున్నచోటి నుంచే పావులు కదిపే నాగమ్మ భానుమతి. కథలో ఉన్నది రెండోరకం మనిషి. కాబట్టి నా ఓటు దొడ్డవరానికే. మీరు ఒప్పుకోకపోతే ఒక పని చేయండి. కార్తీకంలో కారంపూడిలో వీరుల ఉత్సవాలు అయిదు రోజులు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఈసారి కోడిపోరు రోజున వెళ్ళండి. అక్కడ వీరగాథ పాడే వీరవిద్యావంతుల నోట నాగమ్మ కథ వినండి, ఇంటికొచ్చి సినిమా పెట్టుకొని చూడండి. అప్పుడు ఏ తారకు ఓటేస్తారో మీరే తేల్చుకోండి.